ఒకే గీత మీద రెండు పేర్లు

"బీరువాలో లేదు."

హెప్సిబా ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి అరిచినట్టు అంది. రెండోసారి మామూలుగా అంది. ఈసారి తనకి తనే చెప్పుకున్నట్టు అంది.

వసారాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న జెకర్యా చెయ్యి ఆగింది.

"సరిగ్గా చూశావా?"

లోకంలో మొగుళ్ళందరూ అడిగే ప్రశ్నే అది. సెమినరీలో నాలుగేళ్ళు చదివి, పట్టా పుచ్చుకుని, పాస్టర్ అయినంత మాత్రాన మొగుడు మారతాడా?

"చీరలన్నీ మంచం మీద కుమ్మరించానండీ. కింద అరలో మీ సర్టిఫికెట్లున్నాయి, నావి ఉన్నాయి, పెళ్ళి ఆల్బమ్ ఉంది. రిజిస్టరొక్కటే లేదు."

"తాళం?"

"వేసే ఉంది. తాళంచెవి మేకుకే ఉంది."

ఇద్దరూ ఒకేసారి గోడ గడియారం వంక చూశారు. ఎనిమిదిన్నర. వీఆర్వో పదకొండింటికి వస్తానని నిన్న ఫోన్ చేసి చెప్పాడు. "మీ బాప్తిస్మాల రిజిస్టరు తీసి ఉంచండి పాస్టర్ గారూ, ఓసారి చూసి వెళ్ళిపోతాను" అన్నాడు, పేరంటానికి పిలిచినంత మర్యాదగా.

ఆ పుస్తకం ఉంటే ఒక భయం. లేకపోతే ఇంకో భయం. ఉంటే తమ చేతిలో ఉన్నట్టు. లేకపోతే ఎవరి చేతిలో ఉన్నట్టు?

హెప్సిబా మంచం పట్టె మీద కూలబడింది. చైతన్యకృష్ణ ముఖం కళ్ళముందు మెదిలింది. పక్క ఊరి కుర్రాడు. పోయిన వారం ఇదే వసారాలో చేతులు కట్టుకుని నిలబడి, "కోటేశ్వరి మీ దగ్గర బాప్తిస్మం తీసుకుందని విన్నానమ్మగారూ. కాగితం ఏదైనా ఉంటే ఒక నకలు ఇప్పించండి" అని అడిగాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. తిట్టి పోయేవాడికి తలుపు వేసుకోవచ్చు, దణ్ణం పెట్టి అడిగేవాణ్ణి ఏం చెయ్యగలం?

కోటేశ్వరి ఈ కొండ్రుపాడు కాలనీ పిల్ల. డీఎస్సీ రాసి, ఎస్సీ కోటాలో టీచరుద్యోగం తెచ్చుకుని, నాలుగు నెలలుగా దాచేపల్లి అవతల ఓ చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. ఆ జాబితాలో ఆమె తర్వాతి పేరు చైతన్యకృష్ణది. ఇద్దరికీ తేడా అరమార్కు. ఇవాళ వీఆర్వో రావడం అతను పెట్టిన అర్జీ మీదే. అతనూ ఎస్సీనే, అతనూ కూలివాళ్ళ బిడ్డే, అతనూ మూడేళ్ళు కోచింగ్ సెంటర్ బల్లల మీద నడుం విరగ్గొట్టుకున్నవాడే. అందుకే హెప్సిబాకి అతన్ని మనసారా తిట్టుకోవడానికి కూడా వీలు దొరకలేదు.

బాప్తిస్మం తీసుకున్నట్టు రుజువైతే ఎస్సీ సర్టిఫికెట్ నిలబడదు. ఈ సంగతి కాలనీలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకని కాలనీ తనకంటూ ఒక పద్ధతి పెట్టుకుంది. బడికీ, ఆధార్‌కీ, రేషన్ కార్డుకీ ఒక పేరు. మందిరంలో ఒక పేరు. ఈ రెండు పేర్లూ ఎప్పుడూ ఒక కాగితం మీద కలవకూడదు. ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరూ పాటిస్తారు.

హెప్సిబాకి మాత్రం మొన్నటిదాకా తెలియదు. ఆమెది తెనాలి. తాతల నాటినుంచీ వాళ్ళ కాగితాల్లో క్రిస్టియన్ అనే ఉంది. సెమినరీలో జెకర్యాకి సహాధ్యాయిని. 'సంఘ పరిపాలన' అనే సబ్జెక్టులో ఆ యేడు ఫస్టు మార్కు ఆవిడదే. కొత్త కోడలిగా ఈ ఊరొచ్చిన మొదటి నెలలోనే చిలకలూరిపేట వెళ్ళి నల్ల అట్ట పుస్తకం కొనుక్కొచ్చింది. స్కేలు పెట్టి గీతలు కొట్టింది. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, తేదీ, సాక్షి సంతకం. మూడేళ్ళలో అరవై మూడు పేర్లు. ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆ ముత్యాలే ఇప్పుడు మెడకి చుట్టుకున్నాయి.

"అమ్మని అడిగావా?" అన్నాడు జెకర్యా, సబ్బు నురగ తుడుచుకుంటూ.

"ఆవిడకెందుకండీ పుస్తకం?"

"అడుగుదాం రా."

దీనమ్మ పెరట్లో పొయ్యి పక్కన పీట వేసుకుని మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. పొయ్యిలో పత్తికట్టె చిటపటలాడుతోంది. కాగులో నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"అమ్మా, బీరువాలో నల్ల అట్ట పుస్తకం చూశావా?"

"నాకు అక్షరం ముక్క రాదు. నాకెందుకురా పుస్తకాలు?"

"చూశావా, లేదా?"

దీనమ్మ గుప్పెడు కాయలు చేటలో పోసింది. తొడిమలు ఒడిలోంచి దులిపింది. హెప్సిబాకి అనుమానం వచ్చింది. అత్తగారు మాట్లాడకుండా ఉండడం అంటే మిరపకాయకి కారం లేకపోవడం లాంటిది.

"అత్తయ్యా?"

"పొద్దున నువ్వు తలంటుకున్న నీళ్ళు దేంతో కాగినయ్యనుకున్నావు అమ్మాయ్?"

హెప్సిబా చెయ్యి తడి ఆరని జుట్టు మీదికి పోయింది. ఆ నీళ్ళు వెచ్చగా ఎంత హాయిగా ఉన్నాయో గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

"అమ్మా!" జెకర్యా గొంతు చీలింది. "అరవై మూడు పేర్లమ్మా! అది సంఘం పుస్తకం. నువ్వెవరివి కాల్చడానికి?"

"నేనెవర్నా? మీ నాయన పక్కన నలభై ఏళ్ళు కాలవ గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడ్డదాన్ని. మూడొందల మందికి పైగా ఇచ్చాడు ఆయన. ఒక్క కాగితం పెట్టాడా? ఒక్కడి ఉజ్జోగం పోయిందా?"

"ఆయన చదువుకోలేదు."

"అదే మంచిదయింది."

చురక తగలాల్సిన చోటే తగిలింది. తగిలింది కొడుక్కి కాదు, కోడలికి. హెప్సిబా తల వంచుకుంది. అయినా లోపలెక్కడో, చెప్పుకోవడానికి సిగ్గుపడే మూల, ఊపిరి తేలికైంది. పుస్తకం లేదు. బూడిదకి అక్షరాలుండవు.

జెకర్యా మాత్రం పొయ్యి ముందు గొంతుక్కూచుని కట్టెపుల్లతో బూడిద కెలుకుతున్నాడు. చిన్నపిల్లాడిలా. అట్ట తాలూకు ఇనప క్లిప్పు ఒకటి బయటపడింది.

"పీడ పోయిందనుకోండి" అంది హెప్సిబా మెల్లగా.

"పుస్తకం పోయింది. ఆయనొచ్చి నన్ను అడిగితే?"

"లేదని చెప్పండి."

"రిజిస్టరు లేదని చెప్పొచ్చు, నిజంగానే లేదు కాబట్టి. 'ఆ పిల్లకి బాప్తిస్మం ఇచ్చావా' అని అడిగితే?"

"అదీ లేదని చెప్పండి."

అతను తలెత్తి చూశాడు. ఆ చూపుకి ఆమెకి కోపం వచ్చింది. భయంలోంచి పుట్టిన కోపానికి కళ్ళుండవు.

"ఏంటండీ అలా చూస్తారు? ఒక్క ముక్క 'లేదు' అనడానికి నోరు రాదా? ఒక ఆడపిల్ల బతుకు. నేనైతే చెప్పేదాన్ని. నిలబడి, కళ్ళలోకి చూసి చెప్పేదాన్ని."

"సరే" అన్నాడు జెకర్యా. అంతకంటే ఏమీ అనలేదు. లేచి చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

తొమ్మిదిన్నరకి యలమందయ్య వచ్చాడు, వెనకే కూతురు. మిరపకోతల ముఠాకి మేస్త్రీ ఆయన. చేనికి మనుషుల్ని పంపేసి నేరుగా వచ్చినట్టున్నాడు, భుజం మీద తువ్వాలుకి ఎర్రటి కారం మరకలు. కోటేశ్వరి బడికి సెలవు పెట్టి తెల్లారుజామున బస్సెక్కి వచ్చింది. ముఖం పీక్కుపోయింది.

"అయ్యగారూ" అన్నాడు యలమందయ్య, గుమ్మం ఇవతలే నిలబడి. ఒకప్పుడు జెకర్యాని భుజాన ఎక్కించుకుని కాలవలో ఈత నేర్పిన మనిషి. జెకర్యా పాస్టరై తిరిగొచ్చిన రోజునుంచీ 'అయ్యగారూ' తప్ప ఇంకో పిలుపు లేదు.

"లోపలికి రా బాబాయ్. కూచో."

"కూచోను. ఒక్క మాట చెప్పి పోతా. మా అమ్మాయి మీ కాడ మునగలేదు. అంతే. ఇయ్యాల ఆ వీఆర్వో అడిగితే మీరు ఆ ముక్క చెప్పాల."

జెకర్యా కుర్చీ అంచు పట్టుకున్నాడు. "రిజిస్టరు లేదు బాబాయ్. పోయింది. ఆ భయం వద్దు."

"సంతోషం. మాట సంగతి చెప్పండి."

"అబద్ధం చెప్పలేను."

"నిజం చెప్తారా మరి?"

"అదీ చెప్పను."

"ఆ రెండూ కాకుండా మూడోది ఏందంటా? మీ సెమినరీలో నేర్పారా?"

యలమందయ్య మెడ మీద నరం ఉబ్బింది. తువ్వాలు తీసి నేలకి కొట్టాడు.

"ఒరేయ్ జెకర్యా! ఈత నేర్పేటప్పుడు నీ గడ్డం కింద నా అరచెయ్యి పెట్టి పట్టుకున్నాన్రా. ఇయ్యాల నా బిడ్డ మునిగిపోతంది. నీ చెయ్యి ఏదిరా?"

ఆ పిలుపుతో ఇల్లంతా ఉలిక్కిపడింది. పెరట్లో దీనమ్మ చేట చప్పుడు ఆగింది. జెకర్యా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి ఆ తువ్వాలు తీసి, దులిపి ఆయన భుజాన వేశాడు.

హెప్సిబా కోటేశ్వరి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. మగవాళ్ళ గొంతులు వినకుండా తలుపు దగ్గరగా వేసింది. టీ పెట్టడానికి గిన్నె అందుకుంటే మూత చేతిలోంచి జారి ఠంగుమంది.

"నావల్లే ఇదంతా" అంది. "నీ రెండు పేర్లూ పక్కపక్కన రాసింది నేనే. క్షమించమ్మా."

"మీరు రాస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను కదమ్మగారూ. ఎంత బాగా రాశారో అనుకున్నా. వద్దనలేదు. అప్పుడు ఉద్యోగం లేదు, భయం లేదు."

కోటేశ్వరి గోడకానుకుని నిలబడింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. పొద్దుటినుంచీ తల దువ్వుకున్నట్టు కూడా లేదు.

"బడిలో పిల్లలు కోటేశ్వరి టీచరంటారు. మందిరంలో కృపారాణి అంటారు. ఇంట్లో అమ్మ కోటీ అంటుంది. నాకు అన్నీ నేనే అనిపిస్తది. ఆఫీసుల్లోనే ఎవరో ఒకళ్ళు ఉండాలంట, మిగతావాళ్ళు ఉండకూడదంట."

హెప్సిబా చక్కెర వెయ్యబోయి డబ్బా మూత తియ్యకుండానే చెంచా పెట్టబోయింది.

"నిద్ర పట్టడం లేదమ్మగారూ. ఉద్యోగం పోతే పోయిందని ఒకసారి అనుకుంటా. మళ్ళీ నాన్న తువ్వాలు గుర్తొస్తది. ఆ కారం మరకలతో నన్ను బీఈడీ దాకా తెచ్చాడు. కేసు కూడా పెడతారంట కదా? జైలంట. నాకు భయంగా ఉంది. బడిలో ఏ బండి ఆగినా నా కోసమే అనిపిస్తంది."

"ఏం కాదు. పుస్తకం లేదు. కాగితం లేదు. ఏ కాగితమూ లేదు" అంది హెప్సిబా. అంటూంటే ఆమెకే ధైర్యం వచ్చింది. కోటేశ్వరిని దగ్గరికి తీసుకుంది.

పదకొండుకి వస్తానన్న వీఆర్వో పన్నెండుకి వచ్చాడు. ప్రభుత్వ గడియారం కదా. నడివయసు మనిషి, చంకలో ఫైలు. వాకిట్లో అడుగు పెడుతూనే తుమ్మాడు. ఎదురు కళ్ళంలో ఎకరం మేర మిరపకాయలు ఎండుతున్నాయి, ఆ ఘాటుకి కొత్తవాళ్ళెవరైనా తుమ్మాల్సిందే. మూడు తుమ్ములయ్యాక గానీ ఆయన కుర్చీలో కూచోలేదు.

యలమందయ్యా, కూతురూ పక్కింటి అరుగు మీద ఉన్నారు. అక్కడినుంచి ఈ వసారా కనిపిస్తుంది, మాటలు వినిపించవు.

"నాకు వేరే ఉద్దేశం లేదండి పాస్టర్ గారూ. పైనుంచి కాగితం వచ్చింది, కిందికి నేనొచ్చాను. బాప్తిస్మాల రిజిస్టరు చూపిస్తే..."

"రిజిస్టరు లేదండి."

"అసలు పెట్టలేదా?"

గుమ్మం పక్కన నిలబడ్డ హెప్సిబా జెకర్యా పెదవుల వంకే చూస్తోంది. అనండి. పెట్టలేదని అనండి. ఒక్క ముక్క.

అప్పుడు దీనమ్మ వచ్చింది. చెంగులోంచి ఏదో తీసి వీఆర్వో ఒళ్ళో ఉన్న ఫైలు మీద పెట్టింది. పురికొస తాడు ఉండ. తాడు పొడవునా ముడులు. చేతులు తగిలి తగిలి నల్లగా నున్నబడ్డ ముడులు.

"ఇదేందమ్మా?"

"మీరు అడిగిన రిజిస్టరయ్యా. మా ఆయన దావీదయ్య ఎవర్నైనా కాలవలో ముంచి లేపితే, ఆ పూట ఇంటికొచ్చి ఒక ముడేసేవాడు. పొద్దున్నే దీన్ని చేత్తో తడుముకుంటా ముడికొక పేరు చెప్పి ప్రార్థన చేసేవాడు. ఆయన పోయాడు, పేర్లూ ఆయనతోనే పోయినయ్. ముడులు మిగిలినయ్. కావాలంటే లెక్కెట్టుకోండి."

వీఆర్వో తాడు చివర పట్టుకుని పైకెత్తాడు. నవ్వాలో కోప్పడాలో తెలియక నాలుగోసారి తుమ్మాడు.

"ఇది నేను ఫైల్లో ఎట్టా పెట్టేదమ్మా!"

"మీ ఇష్టం. మళ్ళా తిరిగివ్వాల. ఆయన జ్ఞాపకం."

నవ్వు రాకుండా ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు. తాడు జాగ్రత్తగా చుట్టి దీనమ్మ చేతికిచ్చేశాడు. తర్వాత ముఖం సర్దుకుని జెకర్యా వైపు తిరిగాడు.

"సరే. నోటిమాటగా అడుగుతున్నాను. యలమందయ్య కూతురు కోటేశ్వరికి మీరు బాప్తిస్మం ఇచ్చారా?"

"నా దగ్గరికి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో నేను ఎవరికీ చెప్పనండి. ఇవాళ ఆ పిల్ల గురించి చెప్తే రేపు ఎవరూ నా ముందు మనసు విప్పరు."

"చెప్పనన్నాడని రాస్తే మీకే ఇబ్బంది. తెలియదని రాయమంటారా?"

"తెలుసండి. చెప్పను."

"అబ్బ! ఏం మనిషండీ మీరు!" వీఆర్వో కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి కాగితం మీద వంగి, రాసేది పైకి చదువుతూ రాశాడు. "విచారణలో... లిఖితపూర్వకమైన ఆధారమేదీ... లభించలేదు. చాలా?"

హెప్సిబా కళ్ళు మూసుకుంది. స్తోత్రం అనుకుంది. ఎవరికోసం అనుకుందో, దేనికోసం అనుకుందో, ఆ క్షణంలో విచారించుకోలేదు.

వెళ్ళబోతూ ఆయన మెట్టు మీద ఆగాడు. "పాస్టర్ గారూ, నోటిమాటలు ఎన్నైనా గాల్లో పోతాయి. కాగితం ఉందనుకోండి, ఎక్కడైనా, ఒక్క ముక్క, అది నా చేతుల్లో ఉండదు. ఆ పిల్ల ఉద్యోగంతో ఆగదు కూడా." బండి స్టార్ట్ చేసుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో నెమ్మది వచ్చింది. యలమందయ్య వచ్చి జెకర్యా చేతులు పట్టుకున్నాడు. "నోరు జారాను అయ్యగారూ" అంటే, "జారనీ బాబాయ్, ఆ పిలుపు విని మూడేళ్ళయింది" అన్నాడు జెకర్యా. దీనమ్మ గోంగూర నూరింది, అందరూ ఇక్కడే తినిపోవాలంది. కోటేశ్వరి పెరట్లో ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, దీనమ్మ పక్కన కూచుని ఆ తాడు ఒళ్ళో పెట్టుకుంది. "నా ముడి ఇందులో లేదు కదా మామ్మా" అని అడిగితే, "ఏద్దాంలే, తొందరేంది" అంది ముసలమ్మ. ఇద్దరూ నవ్వారు. పొద్దుటినుంచీ ఆ ఇంట్లో ఆడవాళ్ళ నోట వినపడ్డ మొదటి నవ్వు అది.

అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

"అమ్మగారూ! పేట బస్టాండులో మీ పార్శిలు!" ఆటో కరీముల్లా బరువైన అట్టపెట్టె తెచ్చి అరుగు మీద దింపాడు. "ఏందమ్మా ఇది, రాళ్ళా?"

"పుస్తకాలు కరీముల్లా!" హెప్సిబా ముఖం వెలిగింది. మరిచేపోయింది ఈ సంగతి. సెమినరీ స్వర్ణోత్సవ సంచిక. యాభై ఏళ్ళలో అక్కడ చదివిన వాళ్ళు ఏయే ఊళ్ళలో ఎలా పనిచేస్తున్నారో, ఎవరి పరిచర్య ప్రయాణం వాళ్ళు రాసి పంపమన్నారు. జెకర్యాకి తీరికలేదంటే తనే రాసింది. ఏడాదిన్నర క్రితం మాట. ఎడిటరు గారు ఫోటోలు కూడా అడిగారు. మొన్న ఆదివారం గుంటూరులో ఆవిష్కరణ సభ జరిగితే, ఈ గొడవలో వెళ్ళలేకపోయారు. అందుకని పాతిక కాపీలు బస్సులో పంపారు.

పెట్టె వంటింట్లోకి మోయించి, కూరలు తరిగే కత్తితో దాని తాడు కోసింది. కొత్త కాగితం వాసన. మంచి అట్ట. విషయసూచికలో వేలు పెట్టి వెతుక్కుంది. 'కాలవ గట్టు నుంచి కళ్ళం దాకా: శ్రీమతి హెప్సిబా జెకర్యా.' అచ్చులో తన పేరు చూసుకోవడం జీవితంలో అదే మొదటిసారి. నలభై మూడో పేజీ.

పేజీ తిప్పింది.

పైన సగం పేజీ మేర రంగుల ఫోటో. కాలవ. నడుముల్లోతు నీళ్ళలో జెకర్యా. అతని చేతుల మీద, తెల్లచీర తడిసి ఒంటికి అంటుకుని, నీళ్ళలోంచి లేస్తూ నవ్వుతున్న కోటేశ్వరి. కింద తన వాక్యమే, ఒక్క అక్షరం మార్చకుండా: 'కూలి బిడ్డ కోటేశ్వరి నేటి నుండి కృపారాణి.'

దాని కింద ఇంకో ఫోటో. నల్ల అట్ట పుస్తకంలోని ఒక పేజీ. స్కేలు పెట్టి కొట్టిన గీతలు. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, తేదీ, సాక్షి సంతకం. పదకొండు వరసలు, ముత్యాల్లాంటి అక్షరాలు.

పొద్దున ఏ పేజీ నీళ్ళ కింద కాలిందో ఆ పేజీ.

హెప్సిబా పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది. అది అక్కడే ఉంది. పెట్టెలో పాతిక. పాతికా పొయ్యిలో పెట్టొచ్చు. గుంటూరు సభలో పంచినవి? ప్రతి సంఘానికీ పంపినవి? ఎన్ని వందల ఇళ్ళలో ఈ పాటికి నలభై మూడో పేజీ తెరిచి ఉందో!

ఫోన్ మోగింది. పుస్తకం తెరిచినట్టే నేలమీద పెట్టి అందుకుంది. కొత్త నంబరు.

"అమ్మగారూ, నమస్కారమండి. చైతన్యకృష్ణని."

ఆమె ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"మా మేనత్త గుంటూరు మీటింగుకి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చిందండి. ఆవిడ మీలాగే ప్రార్థనకి పోతుంది. అందులో మీరు రాసింది చదివాను. చాలా బాగా రాశారమ్మగారూ. చదువుతుంటే నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

అతను వెటకారంగా అనడం లేదు. అది హెప్సిబాకి స్పష్టంగా తెలిసింది, అందుకే మరింత భయం వేసింది.

"ఈ పుస్తకం రేపు కలెక్టరాఫీసులో ఇద్దామనుకున్నాను. మా నాన్న ఆగమన్నాడు. దేవుడి పని చేసేవాళ్ళు, వాళ్ళని ఒక మాట అడుగు, ఏం చెప్తే అది నమ్ము అన్నాడు. ఎడిటర్లు ఫోటో కింద ఏదో పేరు తప్పు వేశారేమో, వేరే కోటేశ్వరేమో, నాకు తెలియదు కదా. నలభై మూడో పేజీలో మీరు రాసింది నిజమేనా అమ్మగారూ? కాదని మీరు ఒక్క మాట అనండి. పుస్తకం మూసేసి, మళ్ళీ డీఎస్సీకి చదువుకుంటాను. మీ మీద ఒట్టు."

ఒక్క ముక్క. నిలబడి, కళ్ళలోకి చూసి చెప్పేదాన్నని పొద్దున మొగుడి మీద ఎగిరిపడ్డ ముక్క. ఇక్కడ కళ్ళలోకి చూడాల్సిన పని కూడా లేదు.

హెప్సిబా నోరు తెరిచింది. వసారాలో జెకర్యా యలమందయ్యతో ఏదో అంటున్నాడు, మధ్యలో ఆగి ఇటు చూశాడు.

"అమ్మగారూ, ఉన్నారా?" అంటోంది ఫోన్.

వెనక గాజుల చప్పుడైంది. కోటేశ్వరి చేతిలో ముడుల తాడుతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ముఖంలో ఇంకా ఆ నవ్వు ఉంది. కళ్ళు మాత్రం నేలమీద తెరిచి ఉన్న పుస్తకం మీద ఆగాయి. ఫోన్లో అవతల చైతన్యకృష్ణ ఇంకా వింటూనే ఉన్నాడు.

"అమ్మగారూ, అది నేను కదా?"